ఏడు నిమిషాలు ముందు

వాన పడుతున్నా గొడుగు తెరవదు ఇర్మ్‌గార్డ్ నోవాక్.
మడిచే పైకెత్తి పట్టుకుంటుంది.
"తెరిస్తే మీకు నేను కనబడను" అంటుంది.
గోర్లిట్స్ పాత బజారులో ఆ గొడుగు వెనక
మేము పదకొండు మందిమి:
ఒకే బస్సు దిగిన పెన్షనర్లు, ఒక కొత్త జంట,
అమ్మమ్మ చెయ్యి ఎప్పుడో వదిలించుకున్న
హెన్నింగ్ అనే ఏడేళ్ళ పిల్లాడు.

ఇది నల్లేరు మీద నడక కాదు.
ఒక్కో రాయి రొట్టెముక్కంత, అరిగి, నున్నబడి, తడిసి
మడమకు ఒక మాట, మునివేళ్ళకు ఇంకో మాట చెబుతుంది.
తలెత్తితే ఐదు వందల ఏళ్ళ మేడ,
తల దించకపోతే విరిగేది నీ కాలు.

ఒక వాకిలి దగ్గర ఆగాం.
కమాను పొడుగునా వేలు పట్టేంత గాడి
ఈ కొస నుంచి ఆ కొసకు రాతిలో పాకింది.
గోడలకు చెవులుంటాయని విన్నాం,
ఈ గోడకు నోరు కూడా ఉంది.
కొత్త పెళ్ళికూతురు ఇటు పెదవులు ఆనించింది,
అటు చెవి పెట్టిన మొగుడు మెడ దాకా ఎర్రబడ్డాడు.
గోట్‌హార్డ్ అనే పెద్దాయన వంతు వచ్చింది.
గాడి ముందు నోరు తెరిచి, కాసేపు అలాగే ఉండి
"తర్వాత చూద్దాంలే" అని తప్పుకున్నాడు.

తర్వాత ఒక ఇరుకు సందు.
దాని పేరు ద్రోహుల సందు.
"ద్రోహులేం కాదు, నేతగాళ్ళు" అంది ఇర్మ్‌గార్డ్.
ఊరి పెద్దల మీద కోపంతో
రాత్రిళ్ళు ఇక్కడ గుట్టుగా కూడేవాళ్ళట.
అర్ధరాత్రి గంట కొట్టాక,
గస్తీవాడు మలుపు తిరిగాక
ఒక్కొక్కరే ఇళ్ళకు జారుకునేవాళ్ళట.
ఎవడో ఉప్పందించాడు.
పెద్దలు కత్తులు దూయలేదు,
గడియారం ముల్లును ఏడు నిమిషాలు ముందుకు జరిపారు.
గంట వినగానే బయటికొచ్చినవాళ్ళు
సరాసరి గస్తీ లాంతరు వెలుగులోకే నడిచారు.

"మరి ఆ ఏడు నిమిషాలు ఎవరు తీసుకున్నారు?"
హెన్నింగ్ అడిగాడు.
"కథలో అలాంటివి అడక్కూడదు" అంది అమ్మమ్మ.
"అడగాలి" అంది ఇర్మ్‌గార్డ్.

అప్పుడే పైన పన్నెండు కొట్టింది.
నా చేతి గడియారంలో పదకొండు యాభై మూడు.

"ఇవి నావి" అని మెట్టు మీద కూలబడి
సంచిలోంచి రేకు డబ్బా తీసింది.
రేగుపళ్ళ కేకు, అందరికీ తలా ముక్క.
"పద్దెనిమిదేళ్ళు బట్టల మిల్లులో చేశాను.
మా సైరనూ ఇంతే, పనిలోకి పిలిచేటప్పుడు ముందే కూసేది.
మూసేసిన రోజు మాత్రం
సెకను తేడా లేకుండా కూసింది, దరిద్రపుది."
నవ్వాలో వద్దో మాకు తెలియలేదు.
నా కోటు కొస రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి
"ఉన్ని సగమే, మోసపోయావు" అంది.
పొడుం రాలిన ఒళ్ళు దులుపుకుంది.
గోడమీది పావురం ఒకటి దిగి
ఆ పొడుం లెక్క తేల్చింది.

అంతలో ఊళ్ళో మిగతా గంటలు మొదలయ్యాయి,
ఒకదాని మీద ఒకటి పడుతూ.
"ఇప్పుడు పన్నెండు" అని డబ్బా మూసింది.

నది దాకా దిగాం. వంతెన మీద సగం దూరం నడిస్తే పోలండ్,
నీళ్ళకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.
అక్కడ మా డబ్బులు లెక్కపెట్టుకుని
ఇర్మ్‌గార్డ్ మొదటిసారి గొడుగు తెరిచింది.
నల్ల గొడుగుల్లో ఒక నల్ల గొడుగైపోయింది.

బస్సుకు ఇంకా వేళ ఉంది.
గోట్‌హార్డ్ ఎవరికీ చెప్పకుండా ఎగువకు నడిచాడు,
హెన్నింగ్‌ను వేలు పట్టుకుని.
నేను వెనకాలే వెళ్ళి చూశాను.
ముసలాయన గోడవైపు తిరిగి ఉన్నాడు.
అటు కొసన పిల్లాడు
తడి రాతికి చెవి ఆనించి
నోరు కొంచెం తెరిచి
కదలకుండా.